కష్టంగారితో ఓ వారం

ఏ పనైనా సరే, అది జరగదని ముందే తేల్చి చెప్పెయ్యడం ఆయన అలవాటు. వాన తగ్గుతుందా అని అడిగితే "కష్టం" అంటారు. బస్సొస్తుందా అంటే "కష్టం" అంటారు. అదిగో, మలుపు తిరిగి వచ్చేస్తోంది చూడండి అని వేలు పెట్టి చూపిస్తే, "వస్తే సరా, మనల్ని ఎక్కించుకోవద్దూ?" అంటారు. ఎక్కి కూచున్నాక, "క్షేమంగా చేరొద్దూ?" అంటారు. చేరాక ఏమంటారో ఎవరికీ తెలీదు, ఎందుకంటే అప్పటికి పక్కవాళ్ళు ఆయన్ని వదిలించుకుని పారిపోయి ఉంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ఆఫీసులో అందరికీ ఆయన కష్టంగారు.

ఆయన ఉద్యోగం లిఫ్టులు తనిఖీ చెయ్యడం. ముప్ఫై ఒక్కేళ్ళుగా అదే పని. వెతికి వెతికి పట్టుకొచ్చినా ఈ ఉద్యోగానికి ఇంతకన్నా తగిన మనిషి దొరకడు. లిఫ్టుని చూడగానే మనలాంటి వాళ్ళకి పైకెళ్ళడం గుర్తొస్తుంది, ఆయనకి కింద పడడం గుర్తొస్తుంది. మిగతా ఇన్‌స్పెక్టర్లు సర్టిఫికెట్టులో "సంతృప్తికరం" అని రాస్తే, ఆయన "ఈ తేదీ వరకు పడలేదు" అని రాసేవారు. ఒకసారి పై అధికారి పిలిచి మందలించాడు.

"ఏమిటండీ ఈ రాత? ఇది చదివాక ఆ లిఫ్టు ఎవడైనా ఎక్కుతాడా?"

"ఎక్కకపోతే మంచిదే కదండీ" అన్నారు కష్టంగారు.

చివరికి ఇద్దరూ రాజీపడి "ప్రస్తుతానికి సంతృప్తికరం" దగ్గర ఆగారు. ఆ "ప్రస్తుతానికి" కింద మాత్రం ఆయన ఇప్పటికీ రెండు గీతలు గీస్తారు.

కూతురు పుట్టిన రోజున నర్సు బయటికొచ్చి, "తల్లీ బిడ్డా క్షేమం" అని చెబితే, "ఎప్పటిదాకా?" అని అడిగారట. ఆ పిల్లకిప్పుడు ఇరవయ్యారేళ్ళు, ఈత పోటీల్లో గెలిచిన కప్పులు పెట్టడానికి ఇంట్లో చోటు చాలడం లేదు. ఆయన మాత్రం ఇంకా నర్సు మాట నమ్మలేదు.

ఇలాంటి మనిషితో కలిపి అయిదు రోజులు, నాలుగు ఊళ్ళు, పదకొండు లిఫ్టుల టూరు వేశారని తెలియగానే చిన్నమేడం గుండె జారిపోయింది. చిన్నమేడం అంటే కష్టంగారి కింద పనిచేసే అసిస్టెంటు. ఆ ఆఫీసులో పెద్దమేడం అంటూ ఎవరూ లేరు, అయినా ఎందుకో ఈవిడ చిన్నమేడమే. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. ఇంట్లో మందుల షాపు నడిపే భర్త, మూడో క్లాసు చదివే కూతురు ఉన్నారు. ఆవిడకి చిన్నప్పట్నుంచీ నాటకాల పిచ్చి.

పిచ్చయితే ఉంది గాని ప్రాప్తమే లేదు. తొమ్మిదేళ్ళుగా ఓ నాటక బృందంలో ఉంటూ, ఆ తొమ్మిదేళ్ళూ స్టేజీ మీద తలుపులే తీసింది. ఎవరో తలుపు కొడతారు, ఆవిడొచ్చి తీసి, "అయ్యగారు లోపలున్నారండీ" అని పక్కకి తప్పుకుంటుంది. ఒక ఏడాది దయతలిచి నర్సు వేషం ఇచ్చారు. తీరా చూస్తే ఆ నాటకంలో నర్సు చేసే పని డాక్టరుకి తలుపు తియ్యడం.

ఈ ఏడాది మాత్రం డ్రాయింగు మాస్టారు ఏ కళనున్నారో, ఆవిడకి ఇంటి ఓనరమ్మ వేషం ఇచ్చారు. డ్రాయింగు మాస్టారంటే ఆ బృందానికి దర్శకుడు, పగలు బడిలో పిల్లలకి బొమ్మలు నేర్పుతారు. నాటకమంతా ఓనరమ్మదే. అద్దెకున్న ముసలాయన్ని ఇల్లు ఖాళీ చెయ్యమని మొదటి అంకమంతా సతాయించి, తీరా ఆయన పెట్టె సర్దుకున్నాక, ఆ ఇంట్లో తనకి మాట్లాడే దిక్కు ఆయనొక్కడే అని తెలిసొచ్చి మెట్ల మీద కూలబడుతుంది. అక్కడ ఆరు నిమిషాల సేపు ఆవిడ ఒక్కతే మాట్లాడాలి. ఆ ఆరు నిమిషాల కోసం చిన్నమేడం తొమ్మిదేళ్ళు ఎదురు చూసింది.

నాటకం శనివారం సాయంత్రం. ఆఖరి రిహార్సలు శుక్రవారం సాయంత్రం ఆరింటికి. ఆఖరి రిహార్సలుకి రానివాళ్ళు స్టేజీ ఎక్కకూడదన్నది మాస్టారి నియమం. ఒకసారి సొంత తమ్ముడు రిహార్సలు ఎగ్గొట్టి, మర్నాడు రాజు వేషం కట్టుకుని వస్తే, కిరీటంతో సహా తీసుకెళ్ళి ప్రేక్షకుల్లో కూచోబెట్టారు. పైగా ఓనరమ్మ మాటలన్నీ మాస్టారి మరదలికి కంఠతా వచ్చు. ఎందుకైనా మంచిదని ఆ అమ్మాయి ఓనరమ్మ పెట్టుకునే కళ్ళజోడు కూడా తెచ్చి ఉంచుకుంది.

సోమవారం పొద్దున స్టేషన్లోనే చిన్నమేడం ఈ సంగతంతా కష్టంగారికి చెప్పేసింది.

"శుక్రవారం ఆరింటికి నేను హాల్లో ఉండాలి సార్."

ఆయన ఆకాశం వంక చూశారు. మబ్బు లేదు. అది ఆయనకి మరీ అనుమానంగా తోచి, చంకలో గొడుగు సర్దుకున్నారు.

"కష్టమమ్మా."

"ఎందుకు సార్? ఆఖరి లిఫ్టు రెండింటికల్లా అయిపోతుంది. రెండు నలభైకి రైలుంది. అయిదుంబావుకి ఇంటికొచ్చేస్తాం."

"రెండు నలభై రైలు రెండు నలభైకి రావడం మీరెప్పుడైనా చూశారా?"

"చూశాను సార్. పోయిన నెల టూరులో."

"అయితే ఈ నెల రాదు" అన్నారాయన, నిట్టూర్చి. ఆ తర్వాత జేబులోంచి చిన్న డైరీ తీశారు. ఎవరితో టూరుకెళ్ళినా వాళ్ళకి సంబంధించిన మనుషుల ఫోన్ నంబర్లన్నీ రాసుకోవడం ఆయన పద్ధతి. ఆ పేజీకి పైన "ప్రమాదం జరిగితే" అని శీర్షిక ఉంటుంది. చిన్నమేడం భర్త నంబరు, అత్తగారి నంబరు, పక్కింటివాళ్ళ నంబరు రాసుకుని, చివర్న డ్రాయింగు మాస్టారి నంబరు కూడా అడిగి రాసుకున్నారు.

రైలెక్కాక ఆవిడ నాటకం కాగితాలు తీసింది. ముసలాయన మాటలు మీరు చదువుతారా సార్ అని అడిగితే, "నా గొంతుకి కష్టం" అంటూనే కాగితాలు అందుకున్నారు. అందుకున్నాక తెలిసింది, ఆయన నటించనక్కర్లేదని.

"ఈ వయసులో ఎక్కడికి పొమ్మంటావమ్మా?" అని చదివారు, సర్టిఫికెట్టు చదివే గొంతుతోనే.

"ఎక్కడికైనా పోండి. నెలాఖరుకి గది ఖాళీ కావాలి" అంది చిన్నమేడం, పళ్ళు బిగించి.

"నాకెవరున్నారమ్మా?"

"ఆ సంగతి నాకెందుకు?"

ఎదుటి సీట్లో స్వెటరు అల్లుకుంటున్న ఆవిడ ఊచలు ఒళ్ళో పెట్టేసింది. "ఏం మనిషివమ్మా నువ్వు? పెద్దాయన్ని పట్టుకుని నలుగురిలో ఆ మాటలేంటి?" అని అడిగింది. పై బెర్తు మీద పడుకున్నాయన తల కిందకి వంచి, "మా ఇంట్లో మేడ మీద గది ఖాళీగానే ఉంది బాబాయిగారూ, మీరొచ్చెయ్యండి" అన్నాడు.

ఇది నాటకమని చెప్పొచ్చు కదా. చెప్పలేదు కష్టంగారు. తల పైకెత్తి, "గాలొస్తుందా?" అని అడిగారు.

"బ్రహ్మాండంగా వస్తుందండీ."

"అయితే జలుబు చేస్తుంది. కష్టం" అన్నారు.

దిగేటప్పుడు బోగీ అంతా చిన్నమేడం వంక అదోలా చూసింది. ఆవిడకి తలెత్తుకోవడం కష్టమైపోయింది. ఇంత జరిగినా ప్లాట్‌ఫారం మీద నడుస్తూ కష్టంగారన్న మాట ఒక్కటే. "మెట్ల మీద ఆ ఆరు నిమిషాలున్నాయి చూశారూ, అవి మీవల్ల కాదమ్మా. మధ్యలో తెగిపోతుంది." ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు సాయంత్రం గదిలో తలుపేసుకుని ఆ ఆరు నిమిషాలూ పద్నాలుగుసార్లు చెప్పుకుంది. పద్నాలుగోసారి తెగలేదు.

మంగళవారం రెండో ఊళ్ళో ఓ పెద్ద హోటలు. మేనేజరు తళతళలాడే బూట్లేసుకుని ఎదురొచ్చాడు. "పదేళ్ళయింది సార్ మా లిఫ్టు పెట్టించి. ఇంతవరకూ వాడినవాళ్ళ నుంచి ఒక్క కంప్లయింటు లేదు" అన్నాడు గర్వంగా.

"పోయినవాళ్ళు కంప్లయింటు రాయరుగా" అన్నారు కష్టంగారు.

మేనేజరు అక్కడే ఉన్న సోఫాలో కూచుండిపోయాడు. తనిఖీలో లిఫ్టు భేషుగ్గా ఉందని తేలింది. ఆ ముక్క చెప్పడానికి చిన్నమేడం అతనికి మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది.

బుధవారం మూడో ఊళ్ళో ఓ అపార్టుమెంటు. పని ముగిసేసరికి ఓ ముసలావిడ రెండు చేతుల్లో రెండు కూరల సంచులతో వచ్చి, "ఎక్కొచ్చా నాయనా?" అని అడిగింది.

"ఎన్నో అంతస్తమ్మా?"

"అయిదు."

"మెట్లెక్కితే పోలా?" అన్నారు కష్టంగారు. అన్నాక ఆ సంచులు తనే లాక్కుని, తన మోకాళ్ళు ఇవాళ్టితో సరి అని అంతస్తుకోసారి చెబుతూ అయిదంతస్తులూ ఆవిడతోపాటు ఎక్కారు. ఈలోగా ఖాళీ లిఫ్టు ఏ గొడవా లేకుండా రెండుసార్లు పైకెళ్ళి కిందకొచ్చింది. చిన్నమేడం తల పట్టుకుంది. తనే తనిఖీ చేసి బాగుందని సంతకం పెట్టిన లిఫ్టుని తనే నమ్మని మనిషితో ఇంకా రెండు రోజులు గడపాలి.

రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి కష్టంగారు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళేవారు. పది నిమిషాలు చెయ్యి ఊపుతూ అటూ ఇటూ తిరిగేవారు. "కష్టమండీ… లేదు లేదు, జరగదండీ…" అన్న ముక్కలు మాత్రం లోపలికి వినిపించేవి. పాపం, భార్య కాబోలు, ముప్ఫై ఏళ్ళుగా ఎలా భరిస్తోందో మహాతల్లి, అనుకునేది చిన్నమేడం.

ఆవిడ భర్త కూడా రోజూ ఫోను చేసేవాడు. అతనికి అన్నీ తేలికే. "ఏం కాదులే. అంతా బాగానే జరుగుతుంది. మాస్టారేం అనరులే" అనేవాడు. ఎంత మంచివాడైతేనేం, అతని మాట వింటుంటే ఆవిడకి భయం ఇంకాస్త పెరిగేది. గురువారం నాలుగో ఊరికెళ్ళే బస్సు దారిలో ఆగిపోయి, పొలాల మధ్య రెండు గంటలు నిలబడాల్సొచ్చింది. ఒక్క విషయం ఒప్పుకోవాలి, చెడు నిజంగా జరిగినప్పుడు కష్టంగారు "నేను చెప్పలా?" అనరు. గొడుగు విప్పి ఆవిడ నెత్తిన పట్టుకుని నిలబడ్డారంతే. కాని ఆ గొడుగు కిందే, "బస్సే ఇలా ఉంటే రైలు సంగతి చెప్పక్కర్లేదు" అని గొణిగారు. ఆవిడకి ఆ క్షణాన శుక్రవారం మీద ఆశ సగం చచ్చిపోయింది.

శుక్రవారం పదకొండింటికి ఆఖరి లిఫ్టు. ఓ చిన్న నర్సింగ్‌హోం, నాలుగంతస్తులు. ఆపరేషన్ గది పైన ఉంది, రోగుల్ని స్ట్రెచరు మీద తీసుకెళ్ళేది ఆ లిఫ్టులోనే. అన్నీ సజావుగా సాగాయి. తాడు బాగుంది, బ్రేకు బాగుంది, తలుపులు బాగున్నాయి. ఒంటిగంటకి ఒక్క పరీక్ష మిగిలింది. పొరపాటున తాడు తెగినా లిఫ్టు పడిపోకుండా దాని అడుగున రెండు పక్కలా ఇనప దవడలుంటాయి. అవి లిఫ్టుకి అటూ ఇటూ నిలువునా ఉండే పట్టాల్ని కరిచి పట్టుకోవాలి. ఈ పరీక్షకి ఇద్దరు కావాలి. కష్టంగారు పైన మోటారు గదిలో ఉండి ఆ దవడలు పనిచేసేలా చేస్తారు, లిఫ్టు ఆగాక చిన్నమేడం కింద గోతిలోకి దిగి టార్చి వేసి చూస్తుంది. తర్వాత ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఆవిడ దిగి చూసింది. ఎడమ దవడ పట్టాని గట్టిగా కరిచింది. కుడిది తుప్పుపట్టి, ఉన్నచోటే బిగుసుకుపోయి ఉంది.

"కింద ఎలా ఉందమ్మా?" అన్నారు కష్టంగారు ఫోన్లో.

ఆవిడ గడియారం చూసుకుంది. ఒంటిగంటా ఇరవై. ఆ గోతిలో తనొక్కతే ఉంది. తను చెబితే తప్ప ఆ కుడి దవడ సంగతి ఈ లోకంలో ఎవరికీ తెలీదు. లిఫ్టు అయితే ఆగింది కదా, ఒక్క దవడతోనైనా ఆగింది కదా. తొమ్మిదేళ్ళు. మెట్లు. ఆరు నిమిషాలు. నోరు తెరిస్తే రైలు పోతుంది.

"అమ్మా? వినబడుతోందా?"

"కుడిది పట్టలేదు సార్" అంది చిన్నమేడం. అనేశాక గోడకి చేరగిలబడిపోయింది.

మెకానిక్కు వచ్చి చూసి, విప్పి, శుభ్రం చేసి, బిగించడానికి నాలుగు గంటలైనా పడుతుందన్నాడు. నర్సింగ్‌హోం డాక్టరమ్మ చేతులు నలుపుకుంటూ, రేపు పొద్దున రెండు ఆపరేషన్లున్నాయంది. కష్టంగారు చిన్నమేడాన్ని పక్కకి పిలిచారు.

"లిఫ్టుకి తాళం వేసి, నోటీసు అంటించి వెళ్ళిపోవచ్చమ్మా. సోమవారం వచ్చి చూడొచ్చు. రూలు ఒప్పుకుంటుంది. మీకు రైలు అందుతుంది."

నాలుగేళ్ళుగా పనిచేస్తోంది గాని, ఆయన నోట "అందుతుంది" అన్న మాట వినడం ఆవిడకి అదే మొదటిసారి. కాని అప్పటికే మెట్ల మీద ఇద్దరు ఆయాలు కాలికి కట్టున్న ఒకావిణ్ణి కుర్చీతో సహా మోసుకుంటూ దింపుతున్నారు. కుర్చీలో ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని మెట్లు లెక్కపెట్టుకుంటోంది. రేపు ఇదే మెట్ల మీద, మత్తు కూడా దిగని మనుషుల్ని ఇలాగే మొయ్యాలి.

"ఉందాం సార్" అంది చిన్నమేడం.

అయిదింటికి మాస్టారికి ఫోను చేస్తే ఆఫ్ చేసి ఉంది. రాలేనని మెసేజీ పెట్టింది. ఆరయింది. ఇప్పుడు హాల్లో మాస్టారి మరదలు కళ్ళజోడు పెట్టుకుని మెట్ల మీద కూచుని ఉంటుంది, అనుకుంది. అనుకోగానే ఇన్నాళ్ళ దుఃఖమంతా ఒక్కసారి పొంగుకొచ్చింది. నర్సింగ్‌హోం మెట్ల మీద కూచుని, టార్చి ఒళ్ళో పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంక ఎప్పటికీ తనకి తలుపులే గతి అని నిశ్చయమైపోయింది.

కష్టంగారొచ్చి రెండు మెట్ల కింద కూచున్నారు. టీ గ్లాసు పక్కన పెట్టారు.

"మీ నోరు మంచిది కాదు సార్" అంది ఆవిడ, ఆపుకోలేక. "సోమవారం నుంచీ కష్టం, కష్టం, కష్టం. ఒక్కసారైనా అవుతుందమ్మా అనొచ్చు కదా. ఒక్కసారి."

ఆయన నొచ్చుకోలేదు. "మా ఆవిడ కూడా అదే అంటుందమ్మా" అన్నారు. ఫోను తీసుకుని గేటు బయటికెళ్ళారు. ఇంత జరిగినా భార్య దగ్గర ఏడుపు మానడు కదా ఈ మనిషి, అనుకుంది చిన్నమేడం.

ఆరున్నరకి రెండు దవడలూ పట్టాల్ని కరిచాయి. ఇద్దరూ సంతకాలు పెట్టారు.

శనివారం పొద్దున మొదటి బస్సులో బయల్దేరి పదింటికి ఊళ్ళో దిగారు. ఆవిడకి నేరుగా ఇంటికెళ్ళి దుప్పటి ముసుగు పెట్టుకోవాలని ఉంది. కాని ఓనరమ్మ కట్టుకోవాల్సిన చీర ఆవిడ పెట్టెలోనే ఉండిపోయింది.

"చీర ఇచ్చేసి పోదాం. పాపం, ఆ అమ్మాయికైనా ఇబ్బంది లేకుండా" అంది.

"ఇచ్చినా తీసుకుంటారో లేదో" అని కష్టంగారు వెంట వచ్చారు.

హాల్లో సగం లైట్లే వెలుగుతున్నాయి. బృందమంతా వేషాలు కట్టుకుని స్టేజీ అంచున వరసగా కాళ్ళు వేలాడేసుకుని కూచుంది. చిన్నమేడాన్ని చూడగానే డ్రాయింగు మాస్టారు గడియారం చూపించారు.

"పది నిమిషాలు లేటు. ఎక్కు."

"ఎక్కడికి మాస్టారూ?"

"స్టేజీ ఎక్కమ్మా. అందరూ నీ కోసమే కూచున్నారు."

"నిన్న రిహార్సలుకి నేను…"

"నిన్న రిహార్సలెక్కడిది? ఇవాళ పదింటికని సోమవారమే మార్చేశానుగా."

చిన్నమేడం పెట్టె కింద పెట్టేసింది. "నాకెవరూ చెప్పలేదే" అంది.

మాస్టారు హాలు వెనక్కి చూశారు. అక్కడ కష్టంగారు లైట్లు బిగించే నిచ్చెనని ఊపి చూసి తల అడ్డంగా తిప్పుతున్నారు.

"ఆయనే చెప్పొద్దన్నారు. ముందే చెబితే, తీరా శనివారానికి కూడా అందకపోతే మళ్ళీ కొత్తగా దిగులు పడుతుంది, ఒక దిగులు చాలన్నారు."

"సార్ మీకు ఫోన్ చేశారా?"

"చెయ్యడమా?" మాస్టారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు. "రోజూ అయిదింటికి. అయిదవుతోందంటే ఫోను దాచెయ్యాలనిపించేది. సోమవారం నాడు, ఆవిడ శుక్రవారం రావడం కష్టమండీ, వేషం మీ మరదలికిచ్చెయ్యండి అన్నారు. అదేంటండీ, కావాలంటే రిహార్సలే మారుస్తాను గాని వేషం మార్చనన్నాను. మంగళవారం, ఆ ఆరు నిమిషాలు ఆవిడకి గుర్తుండవండీ అన్నారు. ఎందుకుండవు, ఆవిడ బుర్ర మీకు తెలీదన్నాను. బుధవారం ఏమన్నారో తెలుసా? తొమ్మిదేళ్ళూ తలుపులే తీసిందట కదండీ, అంత గొప్ప నటేం కాదేమో అన్నారు."

చిన్నమేడం వెనక్కి తిరిగి కష్టంగారి వంక చూసింది.

"నాకు మండిపోయింది. తొమ్మిదేళ్ళూ తలుపులు తీయించిన వెధవని నేనండీ అన్నాను. ఆవిడ తలుపు తీస్తే జనం లోపలికొచ్చినవాణ్ణి వదిలేసి ఆవిణ్ణే చూసేవారు, ఆ భయానికే మావాళ్ళెవరూ ఆవిణ్ణి పక్కన నిలబడనివ్వలేదు, నేనూ నోరు మూసుకున్నాను, తప్పు నాదేనని అరిచేశాను. ఆయన నింపాదిగా, అయితే ఆవిడ కోసం ఎంతసేపైనా ఆగుతారన్నమాట అని ఫోను పెట్టేశారు." మాస్టారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "నిన్న ఆ భయానికే అయిదింటికి ఫోను ఆఫ్ చేసి కూచున్నాను, ఆరు దాటాక ఆన్ చెయ్యగానే మళ్ళీ చేశారు. అంతా అయిపోయిందండీ అన్నారు. అవలేదండీ బాబూ, మీరావిణ్ణి తీసుకురండి అని నేనే బతిమాలాను. అన్నీ నా నోటితోనే అనిపించాడమ్మా ఆ మహానుభావుడు. అన్నాక ఇంక ఎలా మార్చను?"

మాస్టారి మరదలు లేచొచ్చి కళ్ళజోడు చిన్నమేడం చేతిలో పెట్టింది. "నాకు ఇది పెట్టుకుంటే మెట్లే కనబడడం లేదక్కా" అంది.

ఆ సాయంత్రం హాలు నిండింది. రెండో అంకంలో చిన్నమేడం మెట్ల మీద కూలబడి నోరు విప్పింది. ఒక నిమిషం గడిచాక హాల్లో దగ్గులు ఆగిపోయాయి, రెండో నిమిషానికి కుర్చీల చప్పుడు ఆగిపోయింది. ముందు రోజు నిజంగానే మెట్ల మీద కూచుని ఏడ్చిన మనిషికి ఇవాళ ఏడవడం ఎవరూ నేర్పక్కర్లేదు. రెండో వరసలో భర్త, కూతురు, వాళ్ళ పక్కన కష్టంగారు, ఆయన భార్య కనిపించారు. కష్టంగారు రెండు చేతులతో గొడుగు నిలబెట్టి పట్టుకుని, ఆవిడ ప్రతి మాటా పెదాలతో తనూ అంటున్నారు. ఆరు నిమిషాలూ ఎక్కడా తెగలేదు. తెర పడ్డాక చప్పట్లు ఎంతకీ ఆగకపోతే, ఆవిడ అలవాటు కొద్దీ పక్కకి తప్పుకోబోయింది. ముసలాయన వేషం కట్టినాయన చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాగాడు.

తర్వాత మేకప్పు గదిలోకి అందరూ వచ్చారు. కష్టంగారి భార్య ఆవిణ్ణి గట్టిగా దగ్గరికి తీసుకుంది.

"మొదటి అంకం అయ్యేసరికే ఈయన ఇంటికెళ్ళిపోదామన్నారమ్మా. ఎందుకండీ అంటే, ఇంత బాగా జరుగుతోంది, నాకు భయమేస్తోంది అన్నారు."

"మీకు రోజూ ఫోను చేసేవారనుకున్నాను పిన్నిగారూ."

"నాకా? ఈ అయిదు రోజుల్లో ఒక్కసారి చెయ్యలేదు. చెడు జరిగితే ఎలాగూ తెలుస్తుందిలే అంటారు."

డ్రాయింగు మాస్టారు కష్టంగారి దగ్గరికెళ్ళి నిలబడ్డారు. "వచ్చే నాటకంలో ఓ పెద్దాయన వేషం ఉందండీ. వారం రోజులు మీ గొంతు విన్నాను. అచ్చం ఆ గొంతే కావాలి."

కష్టంగారి ముఖం పాలిపోయింది. "నాకా? అవదండీ" అని రెండడుగులు వెనక్కి వేశారు. మీరు చేస్తారండీ అంది భార్య. బ్రహ్మాండంగా ఉంటుందండీ అన్నాడు చిన్నమేడం భర్త. అందరూ తలో మాటా అంటున్నకొద్దీ ఆయన తలుపు వైపు జరుగుతున్నారు. ఇంకో అడుగేస్తే వరండాలో ఉండేవారు.

అద్దం ముందు రంగు తుడుచుకుంటున్న చిన్నమేడం తల తిప్పకుండా అంది. "వదిలెయ్యండి మాస్టారూ. సార్ వల్ల కాదు."

తలుపు దగ్గర అడుగులు ఆగాయి.

"ఎందుకు కాదమ్మా?"

"ఈ వయసులో మాటలు గుర్తుండొద్దూ సార్?"

"ఇందాక ఆ ముసలాయన వేషం కట్టినాయన రెండుచోట్ల తడబడ్డాడు. రెండో వరసలో కూచున్నవాణ్ణి నేను తడబడ్డానా?"

"ఒకవేళ గుర్తున్నా, అంతమంది జనం ముందు గొంతు రావద్దూ?"

"రాకేం?" అన్నారు కష్టంగారు, కాస్త గట్టిగానే. గొడుగు భార్య చేతికిచ్చి, వెనక్కొచ్చి మాస్టారి ఎదుట నిలబడ్డారు.

"ఎన్ని డైలాగులు?"

"నలభై ఉంటాయండీ."

"నలభయ్యేనా?" అన్నారు కష్టంగారు, చిన్నబుచ్చుకుని.